నాగరత్నక్క చదివిన జపాను ప్రేమకథలు

మా ఆఫీసులో కాగితాలకు రంధ్రాలు పొడిచే చిన్న పంచింగ్ మిషన్ ఒకటి ఉంది. హిందూపురం పారిశ్రామికవాడలో రెండు గోడౌన్ల మధ్య ఇరుక్కున్న ఆఫీసు మాది. రోజుకు ముప్పైసార్లయినా ఎవరో ఒకరు దాన్ని టక్కుమని నొక్కుతారు, ఎవరికీ పట్టదు. నాకు మాత్రం ఆ చప్పుడు వినగానే కొత్తగా కోసిన అట్ట వాసన, దాని వెనకే కొబ్బరినూనె వాసన వస్తాయి. ఆ నూనె నాగరత్నక్క తలది. ఆమె పోయి రెండేళ్లయింది. ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లకు అట్టలు కొట్టడం ఆమె పని. ఈరోజు నేను ఇద్దరమ్మాయిల ప్రేమకథను బొమ్మల్లో గీసి, కింద నా పేరు రాసుకుని, తలెత్తుకుని తిరుగుతున్నానంటే దానికి ఆమే కారణం. ఈ మాట ఆమె వింటే "నడమన నన్నెందుకు ఇరికిస్తావు మ్మే?" అని కసురుకునేది.

మాది పెనుకొండ. డిగ్రీ అయ్యాక ఎక్కడా ఉద్యోగం దొరక్క, బొమ్మలు బాగా వేస్తానన్న ఒకే ఒక్క అర్హతతో ఆమె దగ్గర చేరాను. పొద్దున ప్యాసింజర్ రైలెక్కి ధర్మవరం పోవడం, సాయంత్రం అదే దారిన తిరిగి రావడం. చీర అంచు మీద హంస కనిపించాలంటే ముందు దాన్ని గళ్ల కాగితం మీద గీయాలి. ఒక్కో గడి ఒక్కో పోగు. రంగు పూసిన గడి ఉన్నచోటల్లా అట్టకు రంధ్రం కొట్టాలి. ఆ అట్టల్ని వరుసగా కుట్టి మగ్గానికి తగిలిస్తే, ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో ఆ రంధ్రాలే చెబుతాయి. ఊళ్లో చాలామంది కంప్యూటర్ మీద డిజైన్లు చేసుకుంటున్నా, పాత మగ్గాలవాళ్లు కొందరు ఆమెనే వెతుక్కుంటూ వచ్చేవారు. నేను గీసిన మొదటి హంసకు ముక్కు దగ్గర ఒక గడి ఎక్కువ పడింది. "ఒక్క గడే కదక్కా, ఎవరు చూస్తారు?" అన్నాను. ఆమె కళ్లద్దాల పైనుంచి నన్ను ఎగాదిగా చూసింది. "చీర కట్టుకునేది చూస్తాదో లేదో నాకు తెల్దు. నేను చూసినా గదా. మళ్లీ గియ్యి." తెల్లరంగు పూసి దిద్దుకుంటానంటే అస్సలు ఒప్పుకోదు. మొత్తం కాగితం మళ్లీ మొదటినుంచి గీయాల్సిందే. ఆ సాయంత్రం నా రైలు తప్పిపోయింది. బస్సులో నిలబడి వస్తూ, ఈ మనిషి దగ్గర వారం కూడా ఉండలేననుకున్నాను. ఆరేళ్లున్నాను.

అప్పట్లో నా ప్రాణమంతా ఫోన్‌లో ఉండేది. జపాను వాళ్ల బొమ్మల కథలు, బొమ్మల సినిమాలు. వాటిలోనూ నేను వెతికి వెతికి చదివేది ఇద్దరమ్మాయిలు ప్రేమించుకునే కథలే. జపానులో అవి ఒక ప్రత్యేకమైన కోవ, వాటికోసమే వచ్చే పత్రికలు కూడా ఉన్నాయని తెలిసినప్పుడు నేను పొందిన సంతోషం ఇంతా అంతా కాదు. మగవాళ్ల మీద నాకు మనసు పోదని డిగ్రీ మొదటి ఏడాదే తెలిసిపోయింది. మా క్లాసులో ఒకమ్మాయి పక్కన కూర్చుంటే పాఠం చెవిన పడేది కాదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. నాలాంటిదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటున్న రోజుల్లో, ఎక్కడో సముద్రాల అవతల ఎవరో కూర్చుని నా గుండెదడను బొమ్మ వేశారు. మా ఇంట్లో మాత్రం ఇవేవీ ఎవరికీ అర్థం కాలేదు. మా దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక పెనుకొండలో కొరియా వాళ్లు ఎక్కువయ్యారు కదా, మా నాయన నా నోట్‌బుక్ అట్ట మీద నేను చూసి రాసుకున్న జపాను అక్షరాలు చూసి "కొరియా కంపెనీలో ఉద్యోగానికి తయారవుతాండాది నా కూతురు" అని వీధంతా చెప్పుకొచ్చాడు. అది జపాను నాయనా అంటే, "రెండూ ఆ పక్కే గదా" అన్నాడు.

ఆ నోట్‌బుక్కే ఒకరోజు నాగరత్నక్క కంటబడింది. ఇంగ్లీషులో చదివిన వాటిలో నాకు బాగా నచ్చిన కథనొకదాన్ని అందులో తెలుగులోకి దించుకుంటున్నాను. వాళ్ల పుస్తకాలు కుడినుంచి ఎడమకు చదవాలి. మనవాళ్లకు అలవాటుండదని ఫోన్‌లో ప్రతి బొమ్మనూ అద్దంలో చూసినట్టు తిరగేసి, దాన్ని చూసి గీసి, మాటలు తెలుగులో రాసేదాన్ని. మధ్యాహ్నం అన్నం తిని చేతులు కడుక్కుని వచ్చేసరికి అక్క ఒక చేతిలో నా ఫోను, ఒక చేతిలో నోట్‌బుక్కు పెట్టుకుని కూర్చుని ఉంది. రెండింట్లోనూ ఒకటే బొమ్మ. కిమోనోలు, అంటే రెండు చెరుగులు ఒకదాని మీదొకటి వేసి కట్టుకునే పొడుగు అంగీలు, కట్టుకున్న ఇద్దరమ్మాయిలు తిరునాళ్లలో చేయీ చేయీ పట్టుకుని నడుస్తున్నారు, ఒకమ్మాయి రెండోదాని చెవిలో "నిన్ను ప్రేమిస్తున్నాను" అంటోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏమ్మే, ఫోన్లో ఈ పిల్ల ఎడమ చెరుగు పైకేసుకుండాది. నీ పుస్తకంలో కుడి చెరుగు పైకేసుకుండాది. యాది సరి?" అంది.

ప్రేమ సంగతి కాదు, చెరుగు సంగతి! చదివేవాళ్ల సౌకర్యం కోసం తిరగేశానని చెప్పాను. "చదివేదానికి తిరగేస్తే కట్టుబొట్టు తిరగబడదా? ఆ ఊర్లో ఎట్ల కట్టుకుంటారో కనుక్కో ముందు" అంది. అప్పటికప్పుడు ఫోన్‌లో వెతికాను. జపానులో బతికున్నవాళ్లందరూ ఎడమ చెరుగే పైకి వేసుకుంటారట. కుడి చెరుగు పైకి వేసేది శవానికి మాత్రమేనట. అది చదివి వినిపిస్తే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! బతికుండే పిల్లోళ్లకు శవం కట్టు కట్టినావు గదమ్మే!" అంది. ఆ నోట్‌బుక్కులో అరవై పేజీలు గీశాను. అరవై పేజీలూ మళ్లీ గీశాను, కుడినుంచి ఎడమకే. చదివేవాళ్లే నేర్చుకుంటారులే అని అక్క తేల్చేసింది.

ఆ తర్వాత మధ్యాహ్నాలు ఆమె అట్టలు కొడుతూ ఉంటే నేను కథ చదివి వినిపించేదాన్ని. "ఆ పొడుగుజుట్టుది ఏమనింది?" "ఉత్తరం ఇచ్చిందా లేదా?" అని పని ఆపి మరీ అడిగేది. చివరికి కథలో ఒకమ్మాయి జబ్బు చేసి చనిపోయింది, రెండో అమ్మాయి ఒంటరిగా రైలెక్కింది. ఇలాంటి కథలు ఒకప్పుడు ఎక్కువగా ఇలాగే ముగిసేవి. చావైనా ఉండాలి, పెళ్లయినా ఉండాలి, లేదంటే అదంతా చిన్నతనపు సరదా అని తేలిపోవాలి. నేను కళ్లు తుడుచుకుంటూ పుస్తకం మూశాను. అక్క మాత్రం కోపంతో ఊగిపోయింది. "సచ్చేదానికేనా అంత కష్టపడి ప్రేమించుకున్న్యారు? ఆ రాసినోనికి బతికించేది చాతకాలా, సంపేసినాడు!" ఇద్దరూ హాయిగా కలిసి బతికే కథలు కూడా ఇప్పుడు చాలా వస్తున్నాయని చెప్పాను. "మరి అవి వదిలిపెట్టి ఈ ఏడుపు ఎందుకు తెచ్చినావు?" అని నామీద పడింది. తర్వాత అట్టలు కొట్టే మిషన్ మీదినుంచి చెయ్యి తీసి, "నీకు ఈ కతలంటే ఎందుకింత పిచ్చి?" అని అడిగింది.

అబద్ధం చెప్పొచ్చు. చెప్పాలనిపించలేదు. "నేనూ అట్లాంటిదాన్నే అక్కా" అన్నాను.

రెండురోజులు ఆమె నాతో పనిమాటలు తప్ప మాట్లాడలేదు. ఆమెను దేవతను చేసి చెప్పడం నాకిష్టం లేదు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. పక్కన కూర్చుని తినే మనిషి, సంగటి గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయేది. రైల్లో ఏడ్చుకుంటూ ఇంటికి వెళ్లాను. మూడోరోజు మధ్యాహ్నం గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. "నాకు ఇది సరిగ్గా అర్థం కాలా. రెండ్రోజులు ఆలోచన చేసినా, అయినా అర్థం కాలా. అంతమాత్రాన నీది అబద్ధం అయిపోదు గదా. తిను" అంది. చెనక్కాయల ఊరిబిండి పచ్చడి నాకెంత ఇష్టమో ఆమెకు తెలుసు, ఆరోజు రెండుసార్లు వేసింది. "మీ నాయనకు తెలుసునా?" అని అడిగింది. తెలియదన్నాను. "ఎప్పుడు చెప్పల్లో నీ ఇష్టం. నాతో మాత్రం ఎప్పుడూ అబద్ధం చెప్పాకు." ఆ మాట ఇచ్చాను.

ఆ ధైర్యంతోనే సొంతంగా ఒక కథ మొదలుపెట్టాను. ఇద్దరమ్మాయిలు. ఒకామె ధర్మవరంలో మగ్గం నేస్తుంది, ఇంకొకామె పెనుకొండ కొండకింద గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల. ఏడాది పట్టింది. దాన్ని ఒక మాసపత్రికకు పంపితే సంపాదకుడు స్వయంగా ఫోన్ చేశాడు. నేల మీద కాలు నిలవలేదు నాకు. బొమ్మలు అద్భుతమన్నాడు, పన్నెండు నెలలు వరుసగా వేస్తామన్నాడు. ఆఖరి పేజీ ఒక్కటి మార్చాలన్నాడు. "ఇద్దరూ కలిసి ఇల్లు తీసుకుని ఉండిపోవడమంటే మన పాఠకులు ఒప్పుకోరమ్మా. ఒకమ్మాయి చనిపోయిందనుకోండి, అందరూ కన్నీళ్లు పెట్టుకుంటారు, మిమ్మల్ని మెచ్చుకుంటారు." నా బొమ్మ అచ్చులో చూసుకోవాలన్న ఆశ అంతా ఇంతా కాదు. వారం రోజుల్లో ఆఖరి పేజీ మార్చేశాను. గొర్రెలు మేపే అమ్మాయి కొండమీద కాలుజారి పడిపోయింది. బొమ్మ చాలా బాగా కుదిరింది కూడా. ఎర్రటి ఎండ, గాలికి ఎగురుతున్న ఓణీ.

పోస్టులో వేసేముందు అక్కకు చూపించాను. చాలాసేపు చూసింది. వెనక్కి తిప్పి మొదటినుంచి మళ్లీ చూసింది.

"ఈ పిల్ల ఎందుకు పడింది?"

"కాలు జారిందక్కా."

"ఎట్ల జారింది? నాలుగో పేజీలో వానలో గొర్రెపిల్లను ఎత్తుకోని దిగింది. తొమ్మిదో పేజీలో చీకట్లో ఎక్కింది. ఆ కొండ దానికి ఇల్లు మాదిరి గదా. ఎండ కాసేటప్పుడు, చేతిలో ఏమీ లేకుండా, ఊరికే ఎట్ల జారింది?"

పేజీలు వెనక్కి తిరగేసి చూశాను. నేను గీసిన కథ అది. అందులో ఆ అమ్మాయి జారిపోవడానికి ఒక్క కారణం కూడా లేదు.

"అది జార్లేదు మ్మే," అంది నాగరత్నక్క. "ఆ పత్రిక ఆయప్ప తోసినాడు. నువ్వు పక్కన నిలబడి చూసినావు."

ఇంత మాట ఎవరైనా అంటే నాకు ముక్కుమీద కోపం. ఆరోజు కోపం రాలేదు, సిగ్గేసింది. నాకు దిక్కు చూపించిన కథల్లో నన్ను ఏడిపించిన చావులన్నీ గుర్తొచ్చాయి. అవన్నీ ఇలాగే పుట్టి ఉంటాయి కదా. ఎవరో ఒకరు ఫోన్ చేసి ఉంటారు, నాలాంటిదొకతి సరేనని ఉంటుంది. అక్కడే, అట్టల కట్టల మధ్య కూర్చుని సంపాదకుడికి ఫోన్ చేశాను. పేజీ మార్చను, మార్చకుండా వేస్తేనే వేయండి అన్నాను. "ఇలాంటి అవకాశం మళ్లీ రాదమ్మా, ఆలోచించుకోండి" అన్నాడు. ఆలోచించుకున్నానన్నాను. ఫోన్ పెట్టేశాను. అక్క వినీ విననట్టు, "పొద్దు పోతాంది, ఆ నెమలి గళ్లు పూర్తి చెయ్యి" అంది.

ఆ కథ ఏ పత్రికలోనూ రాలేదు. హిందూపురంలో జిరాక్సు తీయించి, నేనే కుట్టి, తెలిసిన నలుగురికీ ఇచ్చాను. తర్వాత ఇంటర్నెట్‌లో పెట్టాను. చదివి తిట్టినవాళ్లున్నారు. రెండేళ్ల తర్వాత నాయనకు కూడా నేనే చెప్పాను, ఆ జిరాక్సు పుస్తకం చేతిలో పెట్టి. ఆయన నెలరోజులు మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడతాడు, ఈ ఒక్క సంగతి తప్ప అన్నీ మాట్లాడతాడు. నేను ఎదురుచూస్తున్నాను, వెనక్కి మాత్రం తగ్గను. అక్క జబ్బుపడి మంచం పట్టాక చూడ్డానికి వెళితే, "ఇప్పుడు ఎవరిని గీస్తాండావు? బాగుండారా పిల్లోళ్లు?" అని అడిగేది, సొంత బంధువుల్ని అడిగినట్టు. బాగున్నారక్కా అనేదాన్ని. ఆమెతో నేను చివరిసారి మాట్లాడిన మాటలు కూడా అవే.

ఆమె నేర్పిన పని ఇప్పుడు నాకు అన్నం పెట్టడం లేదు. గళ్ల కాగితం ముట్టి చాలాకాలమైంది. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం ప్రతి పేజీ దగ్గరా అడుగుతాను: ఈ అమ్మాయికి ఈ కష్టం కథవల్ల వచ్చిందా, ఎవరికో భయపడి నేను తెచ్చిపెట్టానా? భయపడి తెచ్చిందైతే చింపేస్తాను, ఎంత అందంగా కుదిరినా సరే. అలా చింపిన పేజీలు ఇంట్లో ఒక సంచి నిండా ఉన్నాయి.

పోయిన వారం కొత్తచెరువు నుంచి ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది. నా కొత్త కథ మొదటి భాగం చదివిందట. పేరు రాయలేదు, నేనూ అడగలేదు. "అక్కా, ముందే చెప్పేయండి. వీళ్లిద్దరిలో ఎవరైనా చచ్చిపోతారా? అట్లయితే నేను చదవను. నావల్ల కాదు" అని రాసింది.

ఆ కథకు ముగింపు అప్పటికి నేనింకా అనుకోలేదు. అయినా ఒక్క క్షణం ఆలోచించకుండా జవాబు రాశాను: "చావరు. ఇద్దరూ ముసలివాళ్లయ్యేదాకా ఉంటారు. ధైర్యంగా చదువు." పంపించి, కాగితం ముందుకు లాక్కుని రెండో భాగం గీయడం మొదలుపెట్టాను.