శుక్రవారం గరగర

మొన్న మా మనవరాలు ఉద్యోగానికి దరఖాస్తు నింపుతూ, నైపుణ్యాలు అన్న గడి దగ్గర ఆగి, టెలికమ్యూనికేషన్స్‌లో ఎమ్.టెక్ చేసిన మీకు ఏమేం వచ్చాయి తాతయ్యా అని అడిగింది. అడగడమే తరువాయి, తీగలో గరగర వినగానే లోపం ఎన్ని గజాల దూరంలో ఉందో చెప్పేవాణ్ణనీ, ముక్తేశ్వరంలో ఉన్న అక్కకీ గల్ఫులో ఉన్న బావగారికీ మధ్య ఆకాశాన్నే సరిచేశాననీ చెప్పేశాను. నోరు తెరుచుకుని విన్నది పాపం. మన ఈడు వాళ్ళు నవ్వి ఊరుకుంటారు కనుక, అసలు జరిగింది మీకు చెబుతాను.

తొంభైల చివర్లో, ఉద్యోగానికి సెలవు పెట్టి, కుర్రాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని ఆ చదువు పూర్తిచేసి, వేసవిలో అక్కగారింట్లో దిగాను. వాళ్ళింటికి అప్పటికే ఫోను ఉంది. బావగారికి అక్కడ శుక్రవారం సెలవు గనుక ఆ మధ్యాహ్నమే బూత్‌కి వెళ్ళి ఫోను చేసేవారు. నా విద్య చూపిద్దామని, పెరట్లో కొబ్బరిచెట్ల మధ్యనుంచి ఇంట్లోకి వచ్చే తీగని కోసి, మీటరుతో కొలిచి, మళ్ళీ అతికి, ఇక మాట గంటలా వినబడుతుందని ఇంటిల్లిపాదికీ ప్రకటించాను.

ఆ శుక్రవారం నుంచే, నూనెలో అప్పడం వేసినట్టు ఒకటే గరగర. బావగారు ఇంకో రెండేళ్ళ ఒప్పందానికి సంతకం పెట్టాలో, ఇంటికి వచ్చేయాలో అక్కే చెప్పాలి. ఆయనుండే చోట ఫోను లేదు, ఉత్తరం వెళ్ళేసరికి గడువు దాటిపోతుంది. రెండు వారాలు అక్క గొంతు చించుకున్నా ఆయనకి ఒక్క ముక్క చేరలేదు. ఇక మిగిలింది ఒక్క శుక్రవారం.

"ఏరా తమ్ముడూ, అంత చదువు చదివేవు, ఈ గోలేంటో చూడరా" అంది.

"ఇది భూమ్మీద గోల కాదక్కా, సూర్యుడి మీద మచ్చలు రేగేయి" అన్నాను వేలు పైకెత్తి.

ఆవిడ నమ్మింది. నమ్మి, అటు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అప్పుడు సిగ్గేసి, లైన్‌మన్ గారికి చాటుగా కబురంపాను.

మూడో శుక్రవారం మధ్యాహ్నం ఆయన సైకిలు దిగి, పెరట్లోకి ఒక్క చూపు చూసి, "ఎమ్.టెక్ గారూ, ముందా చీర తీయించండి" అన్నారు. నేను అతికిన చోటనే అక్క మడిచీర నీళ్ళోడుతోంది. శుక్రవారం కట్టే చీరని ఎవరూ ముట్టుకోకూడదని, పూజ కాగానే తడిపి, కర్రతో ఎత్తి, అందనంత ఎత్తున్న ఆ తీగ మీద ఆరేయడం ఆవిడకి అలవాటు. ఫోను పెట్టిన నాటినుంచీ అంతే, ఏనాడూ ఇబ్బంది లేదు, నేను వచ్చి అతుకు వేసి టేపు చుట్టడం మరిచిపోయేదాకా.

"అంత చదువులో టేపు చుట్టడం చెప్పలేదాండీ?"

"ఆయ్, అది అంతకు ముందు చదువులోనే చెప్పేరండి" అన్నాను, అక్క ఇంట్లో ఫోను దగ్గరే కూర్చుని ఉంది గనుక, చీరని కర్రతో నేనే దించుతూ.

ఆయన టేపు చుట్టి నిచ్చెన దిగుతుండగానే ఫోను మోగింది. గరగర లేకపోయినా, అలవాటు చొప్పున అక్క "వచ్చేయండీ" అని వీధి వీధంతా వినేలా అరిచింది. బావగారు వచ్చేశారు.

మచ్చలు పోయాయా తమ్ముడూ అని అడిగితే, పోగొట్టేశానక్కా అన్నాను. లైన్‌మన్ గారు నా మొహంలోకి ఓసారి చూసి, పెద్దమనిషి, మారు మాట్లాడకుండా సైకిలెక్కారు.

ఇప్పుడు పెరట్లో ఆ తీగ లేదు, మడిచీర దండెం మీద ఆరుతుంది. ఇప్పటికీ అక్క శుక్రవారం శుక్రవారం నాకు ఫోను చేస్తుంది, ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. ఆ గరగర నా చలవేనని చెప్పేద్దామని నోరు తెరిచి ఆగిపోతాను. వెనకటిలా మధ్యలో కాస్త గరగర ఉంటే, అందులో కలిపి చెప్పేసి ఉండేవాణ్ణి.