తూటా పేల్చకుండా వచ్చిన పాయింట్లు

మా ఊరి బంగారు గనులు మూతపడి చానా కాలమైనాక మా అన్న బెంగుళూరులో ఉద్యోగం చూసుకుని, రోజూ రైల్లో పోయి వచ్చేవాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే కంప్యూటర్ ముందర కూర్చునేవాడు. ఆయన ఆడేది యుద్ధవిమానాల ఆట. ఊరూరి మనుషులు ఇంటర్నెట్‌లో చేరి, రెండు పక్షాలై, ఒకరి విమానాన్ని ఒకరు కూల్చుకుంటారు. నేను జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటా పక్కన కూర్చుని చూసేదాన్ని. ఒకసారి అన్నకు చెయ్యి బెణికింది. "నువ్వు పట్టుకో అమ్మీ, నేను చెబుతా" అని జాయ్‌స్టిక్ నా చేతికిచ్చినాడు. అట్ల మొదలై, తరవాత నా పేరుతోనే ఆడేదాన్ని.

నాకు గురి కుదరలేదు. తూటాలన్నీ గాలికే పోయేవి. కిందుగా పోవడం మాత్రం బాగా పట్టుబడింది. ఎవరన్నా వెంటబడితే రెండు కొండల మధ్య సందులోకి దిగి, మలుపు తిరిగి బయటపడేదాన్ని. వెనకాల వచ్చినోళ్లు మలుపు తిరగలేక కొండకు కొట్టుకునేవాళ్లు. ఎవరన్నా తనంతట తాను కూలిపోతే, దగ్గరలో ఉండే శత్రువే కూల్చినట్టు లెక్క. అది ఆ ఆటలో నియమం. ఆ పాయింట్లతోనే నేను అన్నను దాటి పైకి పోయినాను.

నా వెనకాల మాటిమాటికీ కూలిపోయే ఆయన ఒకడుండేవాడు. ముళబాగిలు పక్కన కురుడుమలె దగ్గర టొమాటో తోట ఆయనది. ఒక ఆదివారం హెడ్‌ఫోన్‌లో అడిగేసినాడు.

"అమ్మా, నన్ను చంపింది కొండ. పాయింటు నీకెట్ల వస్తుంది?"

"మిమ్మల్ని కొండ దగ్గరికి తెచ్చింది ఎవరప్పా?"

"నేనే వచ్చినాను."

"ఎవరి వెనకాల?"

పక్కనుండి మా అన్న, "ఆయన చెప్పేదీ న్యాయమే గదా" అన్నాడు. నాకు ఆయన మీద కంటే అన్న మీద ఎక్కువ కోపం వచ్చింది.

మాట పెద్దదై, నియమం మార్చాలా వద్దా అని ఆట నడిపేవాళ్లు ఆడేవాళ్లందరినీ అడిగినారు. నేను ఉన్నదున్నట్టు చెప్పినాను. ఒకసారి ఎవరో విమానం దించబోయి తానే పడిపోయినాడు, నేను ఊరికే ఆ దోవన పోతా ఉంటే ఆ పాయింటు కూడా నాకే పడింది. అది నాది కాదు. కానీ సందులో నన్ను తరిమి కూలిపోయినోళ్ల పాయింట్లు నావే, వాళ్లను అక్కడికి తేవడం కూడా పనే అన్నాను. కొందరు ఒప్పుకున్నారు, ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఒక్క తూటా అయినా తగిలించినోళ్లకే పాయింటు అని తేల్చినారు. పాతవి కూడా తీసేసినారు. నా పేరు జాబితాలో అడుక్కు పోయింది. బాధేసి కొన్నాళ్లు ఆ పక్కకే పోలేదు.

ఒక ఆదివారం ఆ తోటాయన మా అన్నకు ఫోన్ చేసి, దోవ అడుక్కుంటా రాబర్ట్‌సన్‌పేటలో మా ఇంటికి వచ్చినాడు. నాకంటే పెద్దాయన, నెమ్మదస్తుడు. "ఆ సందులో ఎట్ల తిరుగుతావో చూపించమ్మా, ఇంగా నావల్ల కాలేదు" అన్నాడు.

మలుపుకు ముందే వేగం తగ్గించాలని చూపించినాను. మొదటిసారి మళ్లీ కొండకు కొట్టినాడు. తరవాత దాటినాడు. దాటినాక నా పక్కకు తిరిగి, "నువ్వు చానా దూరం నుంచి పేలుస్తావు. ఇంగా దగ్గరికి పో" అని, నాచేత ఆడించినాడు. ఆ పొద్దు కూడా నాకు ఒక్కటీ తగల్లేదు. ఆయన కాఫీ తాగి, చీకటి పడకముందే ముళబాగిలు బస్సెక్కినాడు.