కరిగిందన్న లెక్క

మా చెల్లెకు నా కిడ్నీ ఇవ్వాలని ఇంట్లో ఖాయమైంది. పరీక్షలన్నీ కుదిరాయి గానీ నా బరువు దగ్గర డాక్టరు ఆపేశాడు. ముందు ఒళ్లు తగ్గించుకుని రా, ఆపరేషన్ సంగతి అప్పుడు చూద్దాం అన్నాడు. అప్పటిదాకా చెల్లె సూర్యాపేట దవాఖానలో డయాలసిస్ మీదే బతకాలి.

నాకసలే తీరిక తక్కువ. మిర్యాలగూడ నుంచి కోదాడకు రోజూ బస్సులో ఉద్యోగానికి పోయొచ్చేవాణ్ణి. దానికి తోడు పొద్దున్నే కాలువ కట్ట మీద నడక మొదలుపెట్టాను. ఎంత కరిగిందో చెబుతుందని ఒక స్మార్ట్ వాచీ కొన్నాను. ఇక నాలుగడుగులకోసారి దాన్ని చూడటమే పని. క్యాలరీల అంకె పెరిగితే ప్రాణం లేచొచ్చేది. తూకం ఎక్కితే మాత్రం ముల్లు వెనక్కి జరిగేది కాదు. ఒళ్లు మండిపోయేది. డాక్టరును అడిగితే, అది ఉత్త అందాజా లెక్కేనని, ఊరికే కూర్చున్నా ఒంట్లో ఖర్చయ్యేది కూడా అందులోనే కలుపుతుందని, దాన్ని నమ్ముకుని తినొద్దని చెప్పాడు. విన్నాను గానీ అంకె చూడటం మానలేదు.

పైగా తిండి ఒకటి. కిడ్నీ ఇచ్చే మనిషంటే మావాళ్లకు పెళ్లికొడుకు లెక్క. ఎవరింటికి పోయినా బలం కావాలని వడ్డించేవాళ్లే. వేములపల్లిలో చెల్లె అత్తగారికి గొర్ల మంద ఉంది. ఒక ఆదివారం నాకోసమని పొట్టేలును కోశారు. చెల్లె అత్త నా పక్కనే కూర్చుని, "రేపు కోతకు పోయే పానం, తిను కొడుకా" అంటూ కూర వేస్తూనే ఉంది. వద్దంటే ఆమె మనసు నొచ్చుకుంటుందని నా భయం. వాచీ చూసుకున్నాను. పొద్దటి నడకకు ఈ మాత్రం తినొచ్చులే అనిపించింది.

ఎదురుగా చెల్లె, డాక్టరు చెప్పిన లెక్కన కొలిచి పోసిన గ్లాసెడు నీళ్లు పట్టుకుని కూర్చుంది. గొంతు తడుపుకున్నట్టు కొంచెం కొంచెంగా తాగుతోంది. నేను వచ్చినప్పుడల్లా వాచీ ఎంత చూపించిందని ఆశగా అడిగేది. ఆ రోజు అడగలేదు.

"వాళ్లు నీ బలం సూస్తున్నరు, నువ్వు వాచీ సూస్తున్నవ్. నన్నెవ్వరు సూస్తలేరన్నా. ఇంకెన్ని దినాలుండాలె నేనిట్ల?"

అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. కంచం పక్కకు జరిపి, చెల్లెకు ఏం పెడతారో నాకూ అదే, అంతే పెట్టమన్నాను. ఉప్పులేని కూర, పిడికెడు అన్నం. చెల్లె తనది ముందే తినేసి, మళ్లీ ఎవరేం వడ్డిస్తారోనని నేను చెయ్యి కడుక్కునేదాకా నా కంచాన్నే చూస్తూ కూర్చుంది.