పదో మాట నా మీద పడింది

ఏళ్ళ తరబడి ఒక అబద్ధం నా గుండె మీద కూర్చుని ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా ఆవిడకి కూడా ఇంతవరకు చెప్పలేదు.

మేముండేది అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో. ఆవిడ యూదుల అమ్మాయి. పెళ్ళయ్యాక నేనూ ఆ మతంలోకి మారదామనుకుని, వాళ్ళ ప్రార్థనామందిరంలో రబ్బీ, అంటే వాళ్ళ మతగురువు, దగ్గర క్లాసులకు వెళ్ళాను. ఆఫీసులో పని పెరిగిందని మధ్యలో మానేశాను. పని ఒక సాకు. మారాలో వద్దో తేల్చుకోలేకపోయాను, అంతే. అక్కడి మగవాళ్ళ చర్చా బృందాన్ని మాత్రం వదల్లేదు. ఆదివారం ఉదయం లైబ్రరీ గదిలో కాఫీ, బేగెల్స్ పెట్టుకుని ప్రోస్టేట్ ఆపరేషన్ల నుంచి దేవుడి దాకా అన్నీ మాట్లాడుకునేవాళ్ళం. మన మగవాళ్ళు నలుగురు చేరితే క్రికెట్టు, గ్రీన్ కార్డు తప్ప ఇంకో మాట ఉండదు. ఇక్కడ డెబ్బై దాటినవాళ్ళు పోయిన భార్యల్ని తలుచుకుని అందరి ముందూ ఏడ్చేవాళ్ళు. నాకు ఆ గది అంటే ప్రాణం. ఎవరు మారారు, ఎవరు మారలేదు అని అక్కడ ఎవరూ ఆరా తీసేవారు కాదు.

నా పక్కన మార్టీ అంకుల్ కూర్చునేవారు. పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాక అంకుల్ అన్నాను. ఆయన మురిసిపోయారు.

ఒక జనవరి ఆదివారం మంచు గడ్డకట్టి రోడ్లన్నీ జారుతున్నాయి. మా ఊళ్ళో కాస్త మంచు పడితే చాలు, ఎవరూ కారు తీయరు. రబ్బీ కూడా రాలేకపోయారు. ఆ రోజే మార్టీ అంకుల్ భార్య చనిపోయిన తిథి. మనం తద్దినం పెట్టినట్టు వాళ్ళు ఆ రోజు కద్దిష్ అనే ప్రార్థన చదువుతారు. దానికి పదిమంది యూదులు ఉండి తీరాలి. మనుషుల్ని వేలుపెట్టి లెక్కపెట్టకూడదట. పది మాటలున్న ఒక వాక్యాన్ని, ఒక్కొక్కరికీ ఒక్కో మాట చొప్పున చెప్పుకుంటూ పోతారు. పదో మాట నా మీద పడింది.

మార్టీ అంకుల్ నా వైపు తిరిగారు. ఆయన ఆ మంచులో కర్ర పట్టుకుని నడిచి వచ్చారు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

"నీ క్లాసులు అయిపోయాయి కదా, నాయనా?"

నేను తల ఊపాను.

"అయిపోయాయి, అంకుల్."

"థాంక్ గాడ్! నువ్వు రాకపోతే ఇవాళ మా రూత్‌కి చదవడం కుదిరేదే కాదు."

ఆయన చదివారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

జాలితోనే అన్నానా ఆ మాట? చాలా కాలం అలాగే నమ్మాను. కానీ ఆయన ముఖం చూడకముందే, ఆ పదో మాట నన్ను చేరినప్పుడే, నన్నూ లెక్కలో వేసుకున్నారని లోపల ఎగిరి గంతేశాను కదా? క్లాసులకు వెళ్ళి సంపాదించుకోలేనిదాన్ని ఒక్క ముక్కలో కొట్టేశాను.

సరే, అబద్ధం నోరు జారి వచ్చిందనుకుందాం. మర్నాటికి మంచు కరిగింది. ప్రార్థనకి అందరూ వచ్చారు. నేనొక్క ఫోన్ చేసి ఉంటే ఆయన మళ్ళీ చదువుకునేవారు. ఫోన్ చేతిలోనే ఉంది. చేయలేదు.

ఆ తర్వాత ఆయన నన్ను సొంతవాడిలా చూసుకున్నారు. మా పాప పుట్టినప్పుడు కార్ సీట్ బిగించడానికి నాతో పాటు పార్కింగ్ లాట్‌లో నానా తంటాలూ పడ్డారు. చెబితే ఆ ప్రేమ పోతుందేమోనని భయం. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఉన్నాను.

మొన్న శీతాకాలం ముందు ఆయన పోయారు. వాళ్ళ పద్ధతి ప్రకారం నేనూ పార పట్టుకుని సమాధిలో మట్టి వేశాను. అప్పుడైనా చెబుదామనుకున్నాను. పారని మట్టిలో గుచ్చి పక్కకు తప్పుకున్నాను.

రబ్బీకి చెప్పినా లాభం లేదు. మనిషికి చేసిన తప్పును ఆ మనిషే క్షమించాలని ఆయనే క్లాసులో చెప్పారు. నేను శ్రద్ధగా విన్న పాఠం అదొక్కటే కాబోలు.

అందుకని క్షమించమని అడగను. చెబుతాను, అంతే. మార్టీ అంకుల్, ఆ ఉదయం మీ రూత్ ఆంటీకి లెక్కకు వచ్చినవాళ్ళలో, మీతో కలిపి, తొమ్మిదిమందే మీవాళ్ళు. మిగిలినవాడు మీ మీద ప్రేమకొద్దీ అక్కడ కూర్చున్న పరాయివాడు.