గాల్లో అయితే పాతిక నిమిషాలే

పెదపాడు దాకా వచ్చి మా ఎలీయాజరు మాస్టారిని కలవకుండా వెళ్ళడానికి వీల్లేదండీ. ఎలా గుర్తుపట్టాలంటారా? ఏ ఊరికైనా దారి అడిగి చూడండి. అందరూ ఏ బస్సెక్కాలో చెబుతారు. ఆయన మాత్రం విమానంలో ఎంతసేపో చెబుతారు. ఆయన విమానమెక్కిన పాపాన పోలేదు సుమండీ!

తాడేపల్లిగూడెంలో పెళ్ళికి వెళ్తే, ఈయన చేరేసరికి విస్తళ్ళు తీసేస్తున్నారు. పెళ్ళివారు నొచ్చుకున్నారు.

"ఫర్వాలేదండీ, గాల్లో అయితే పది నిమిషాలే. ఈపాటికి రెండోసారి పెరుగు వేయించుకుంటూ ఉండేవాణ్ణి!"

కొల్లేరు అవతలి కైకలూరు దూరమని ఎవరైనా అంటే గయ్యిమంటారు. "కొల్లేటి మీద గూడబాతు చుట్టూ తిరిగి వెళ్తుందా? తిన్నగా వెళ్తుంది. తిరుగుడంతా మనదే!"

ఆ రోజుల్లోనే పక్కింటి విక్టోరియా కూతురు బ్లెస్సీకి రాజమండ్రి పక్కన మధురపూడిలో నర్సు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. విక్టోరియాకి భర్త లేడు, ఉన్నది ఒక్క పిల్ల. ససేమిరా పంపనంది.

"బస్సు, రైలు, మళ్ళీ బస్సు! దీనికి జ్వరమొస్తే నేను వెళ్ళేసరికి తగ్గిపోయి డ్యూటీ కూడా ఎక్కేస్తుంది."

మాస్టారు గోడ మీంచి తొంగిచూశారు. "గన్నవరం ఎయిర్‌పోర్టు మనకి పక్కనే. రెండో ఎయిర్‌పోర్టు సాక్షాత్తూ మధురపూడిలోనే ఉంది. మధ్యలో నూట పాతిక కిలోమీటర్లు. గాల్లో పాతిక నిమిషాలేనమ్మా!"

"పాతికేనా?"

"మీ అన్నం ఉడికేలోగా!"

విక్టోరియా మనసు కుదుటపడింది. బ్లెస్సీ వెళ్ళింది. అదే వారం మాస్టారు తన పాత అంబాసిడర్‌కి నాలుగు కొత్త టైర్లు వేయించారు. అది ఏళ్ళ తరబడి షెడ్డులోంచి కదల్లేదు. వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. "మాస్టారు టేకాఫ్ తీసుకుంటారు కాబోలు" అని ఊరంతా నవ్వింది.

రెండు నెలలకి ఫోనొచ్చింది. "అమ్మా, జ్వరమే. నోరు చేదుగా ఉంది. నీ చేతి పులుసు తినాలనుంది."

కొర్రమేను పులుసు క్యారియర్లో సర్దుకుని విక్టోరియా తిన్నగా గన్నవరం ఎయిర్‌పోర్టుకి వెళ్ళింది.

"బాబూ, రాజమండ్రికి ఒకటివ్వండి."

"అక్కడికి విమానం లేదమ్మా."

"దూరం పాతిక నిమిషాలేనంటగా?"

"దూరం ఉందమ్మా. విమానమే లేదు."

క్యారియర్ ఊపుకుంటూ వచ్చి మాస్టారి వాకిట్లో నిలబడింది. "ఏవండీ మాస్టారూ! విమానమేదండీ?"

మాస్టారు కారు తాళాలు అందుకున్నారు. షెడ్డులోకి వెళ్ళి కోళ్ళని దింపారు, విక్టోరియాని ఎక్కించారు. భీమడోలు దాటాక, "కిటికీలోంచి కిందికి చూడకండమ్మా, కళ్ళు తిరుగుతాయి" అన్నారు. అంత కోపంలోనూ విక్టోరియాకి నవ్వాగలేదు.

చేరేసరికి పొద్దుగూకింది, పులుసు చల్లారింది. "ఎయిర్‌పోర్టుకెళ్ళి టికెట్టడిగావా అమ్మా!" అని నవ్వుతూనే బ్లెస్సీ రెండు ముద్దలు ఎక్కువ తింది.

తిరుగుదారిలో విక్టోరియా నిలదీసింది. "నిజం చెప్పండి. విమానం లేదని మీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసమ్మా. రోడ్డు లెక్క చెబితే మీరు పిల్లని పంపేవారా? అందుకే గాలి లెక్క చెప్పాను." ఆపైన గొణిగారు. "టైర్లు ఊరికే వేయించానా మరి?"

ఇప్పుడు నెలకోసారి ఆ అంబాసిడర్ మధురపూడి వెళ్తుంది. ఎంతసేపు పడుతుందని ఎవరైనా అడిగితే విక్టోరియానే చెబుతుంది: "పాతిక నిమిషాలేనండీ. మాస్టారు నడిపితే కాస్త ఎక్కువ."

ఇంతకీ ఆ రోజు గోడకి మాస్టారి వైపు మీరుంటే, ఏ లెక్క చెప్పేవారండీ?