వేలంలో మేనత్త కారు

ఈ ఉదయం కూడా ఆ మెయిలు వచ్చింది. పాత కార్లను ఇంటర్నెట్‌లో వేలం వేసే కంపెనీవాళ్ళు నెలకోసారి నా పేరు ముందు ప్రియమైన అని తగిలించి పంపుతారు. మీ దగ్గరున్న ఫియటుకి ఇప్పుడు మంచి గిరాకీ ఉంది, వేలానికి పెట్టాలని ఉంటే ఇక్కడ నొక్కండి అని. వాళ్ళకు నేను ఏ వరసన ప్రియమైనదాన్నో నాకు తెలియదు. జన్మకు ఒక్కసారి, ఒక్క కారు కోసం వాళ్ళ గడప తొక్కాను, ఆ పాపానికి ఇప్పటికీ వదలడం లేదు. ఇక పంపొద్దని రెండుసార్లు రాశాను. రాసినందుకు ధన్యవాదాలు చెబుతూ ఇంకో మెయిలు వచ్చింది. కాఫీ చల్లారేదాకా ఆ ఫోను చూస్తూ తిట్టుకుంటూ కూర్చున్నాను. ఎవరిని తిడుతున్నావని మా ఆయన అడగలేదు. అందులో సగం కుప్పంలో ఉన్న మా తమ్ముడికి చేరుతాయని ఆయనకు తెలుసు.

మా తమ్ముడికి చేతిలో పని ఉంది, నోట్లో బెల్లం ఉంది. ఈ రెండూ ఒకే మనిషికి ఇచ్చి దేవుడు పొరపాటు చేశాడని నా అభిప్రాయం. వాడి వృత్తి ఏమిటంటే, మోటారుసైకిలు మీద ఊళ్ళు తిరగడం, ఏ ఇంటి కొట్టంలో పాత కారు దుమ్ము పట్టి ఉందో కనిపెట్టడం, ఆ ఇంటి పెద్దావిడతో మజ్జిగ తాగుతూ, ఇది ఇంకేం నడుస్తుందమ్మా, ఇనుముకే పోతుంది అని జాలిపడటం. కొన్న బండిని కుప్పంలో బెంగుళూరు రోడ్డు పక్కనున్న తన షెడ్డుకు చేర్చి, కడిగి, తుడిచి, ఎర్రటి సాయంత్రపు ఎండలో ఫొటోలు తీసి వేలంలో పెడతాడు. కింద ఇంగ్లీషులో ప్రాణంలా చూసుకున్న బండి అని రాస్తాడు. పలమనేరు దగ్గర ఒక రిటైరైన ఫారెస్టాయన జీపును ఇలాగే పట్టుకొచ్చి అమ్మాడు. అది ఎంతకు పోయిందో తెలిశాక ఆయన భార్య వెతుక్కుంటూ మదనపల్లెలో మా ఇంటికే వచ్చింది. మీ తమ్ముడంట కదా అని అడిగి, నేను ఇచ్చిన మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది. ఏమిరా ఇది అని అడిగితే, ఆమే అమ్మమన్నదక్కా అన్నాడు. ఆ రోజు నుంచి వాడితో మాటలు మానేశాను.

ఇక కారు సంగతి. అది పుంగనూరులో ఉండే మా మేనత్తది. మా నాన్నకు అక్క, పిల్లలు లేరు, మమ్మల్నే పిల్లలనుకుంది. ఆమె పట్టుగూళ్ళ వ్యాపారం చేసేది. చుట్టుపక్కల పల్లెల్లో పురుగులు పెంచే రైతుల దగ్గర గూళ్ళు కొని మదనపల్లె మార్కెట్టుకు తెచ్చేది. గూళ్ళు ఎక్కువ రోజులు ఆగవు, లోపలి పురుగుకు రెక్కలొస్తే గూడు తొలుచుకుని బయటికొచ్చేస్తుంది, ఆ దారం ఎందుకూ పనికిరాదు. బస్సుల కోసం కాచుకుని ఒకసారి నష్టపోయాక మామయ్యతో కారు కొనిపించింది. మామయ్యకు స్టీరింగు చూస్తేనే చెమటలు పట్టేవి. దాంతో ఒక లారీ డ్రైవరు దగ్గర తానే నేర్చుకుంది. పెరుగు రంగు ఫియటు, గేరు స్టీరింగు పక్కన ఉండేది, ముందు తలుపులు వెనక్కి తెరుచుకునేవి. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఆమె కారు తోలుతుంటే పుంగనూరు అంగళ్ళవాళ్ళు బయటికొచ్చి చూసేవాళ్ళట. వెనక సీట్లో గూళ్ళ మూటల మధ్య నేను, పక్కన కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటూ మామయ్య. గూళ్ళకు ఒక పులిసిన వాసన ఉంటుంది, అది ఆ సీట్లను ఎప్పటికీ వదల్లేదు. చూపు తగ్గాక ఆమె తోలడం మానేసింది. మామయ్య పోయాక కారు మీద పెద్ద టార్పాలిను కప్పించి, కొట్టానికి తాళం కొని తగిలించింది నేనే. దీన్ని ఎవరూ ముట్టుకోకూడదని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను. నాకు తెలిసిన ప్రేమ అది.

మూడేళ్ళ కిందట చలికాలంలో, నాతో టమాటా మండీలో పనిచేసినావిడ ఒక లింకు పంపి, ఇది మీ అత్త కదా అని అడిగింది. తెరిచి చూస్తే కారు, దాని పక్కన ఆకుపచ్చ పట్టుచీరలో మా మేనత్త. బానెట్టు మీద చెయ్యి వేసి నవ్వుతోంది. ఆ నవ్వును నేను సరిగ్గా చూడలేదు. దాని వెనక మా తమ్ముడి కపటమే చూశాను. ముసలామెకు పట్టుచీర కట్టించి మరీ నిలబెట్టాడే అని ఒళ్ళు మండిపోయింది. మాటలు మానేసిన వాడికి ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు అంతా విని, "అత్తే అమ్మమనింది అక్కా. నమ్మకపోతే పుంగనూరు పొయ్యి ఆమెనే అడుగు" అన్నాడు. ఫారెస్టాయన భార్య గురించి కూడా ఇదే మాట అన్నాడు కదా, ఫోను పెట్టేశాను. వేలం ముగియడానికి ఇంకా ఆరు రోజులున్నాయి. మేనత్తకు ఫోనులో వినపడదు, కానీ పుంగనూరు మా ఇంటి నుంచి గంట ప్రయాణం. ఆ ఆరు రోజుల్లో ఏ రోజైనా బస్సెక్కి వెళ్ళి అడగొచ్చు. వెళ్ళలేదు. నిజం నాకు ముందే తెలుసనుకున్నాను.

పైగా వేలాల గురించి నాకు ఒకరు చెప్పాలా అనే పొగరు ఒకటి. మదనపల్లె టమాటా మండీలో ముప్పై ఏళ్ళు పాట చీటీలు రాసినదాన్ని. మా మండీలో ఒక పద్ధతి ఉండేది. పాట పాడేవాడు పెట్టెల వరసల వెంట అరుచుకుంటూ నడుస్తాడు, వెనక వ్యాపారులు. పలికిన ధర నచ్చకపోతే రైతు గొడవపడనక్కర్లేదు, నోరు విప్పనక్కర్లేదు. తనో, తన ఇంటి మనిషో ముందు పెట్టె మీద చెయ్యి పెడితే చాలు, ఆ పాట లేనట్టే. నేను కలం మూసేదాన్ని, పాటవాడు పక్క వరసకు పోయేవాడు. మద్రాసు నుంచి వచ్చిన ఎంత పెద్ద వ్యాపారి అయినా గొణుక్కుంటూ కదలాల్సిందే. ఇంటి మనిషి చెయ్యి పడ్డాక చీటీ రాయడం నా సర్వీసులో జరగలేదు. లోకంలో ఏ వేలానికైనా ఈపాటి మర్యాద ఉంటుందనుకున్నాను. కారు ఫొటోల కింద ఎవరైనా ఏమైనా రాసుకునే చోటు ఒకటి కనిపించింది. అక్కడ అరగంట కష్టపడి ఇంగ్లీషులో రాశాను. ఈ కారు అమ్మకానికి లేదు, నేను ఇంటి మనిషిని, దీన్ని మా మేనత్త నలభై ఏళ్ళు తానొక్కతే నడిపింది, ఇందులో పట్టుగూళ్ళు మోసింది, అమ్ముతున్నవాడు నా తమ్ముడు, వాడికి ఏ హక్కూ లేదు, వెంటనే ఆపండి అని. రాసి, పెట్టె మీద చెయ్యి పెట్టేశాను కదా అని నిశ్చింతగా చారు పెట్టుకోవడానికి లేచాను.

చారు పొంగే లోపల ఆ రాతకు మెచ్చుకోళ్ళు మొదలయ్యాయి. ఒకాయన, నలభై ఏళ్ళు ఒక్క మహిళే నడిపిన బండా, అద్భుతం అన్నాడు. ఇంకొకాయన, గూళ్ళ మరకలు సీటు మీద ఇంకా ఉన్నాయా, దయచేసి తుడవొద్దు అని వేడుకున్నాడు. ఇంటివాళ్ళు కొట్టుకుంటున్నారంటే చరిత్ర నిజమైనదేనన్నమాట అని ఒక మేధావి తేల్చాడు. అంతకుముందు నత్తనడక నడుస్తున్న ధర సాయంత్రానికి ఎక్కడికో పోయింది. బండి చరిత్రకు విలువైన సమాచారం జోడించినందుకు కంపెనీవాళ్ళు నాకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు పంపారు. అడ్డం పెట్టిన నా చేతిని, పండు తుడిచి మెరుగు పెట్టే చెయ్యి అనుకున్నారు దరిద్రులు. ఇక మిగిలింది ఒకటే దారి అనిపించింది. పేరు నమోదు చేసుకుని, నేనూ పాటకు దిగాను.

ఆదివారం మధ్యాహ్నం ఆఖరి గంట. వేలం పేజీలో ఉన్న ఆ గడియారం లాంటి దొంగ గడియారాన్ని నేనెక్కడా చూడలేదు. చివరి రెండు నిమిషాల్లో ఎవరు పాడినా మళ్ళీ రెండు నిమిషాలు కలుస్తాయి. ఒక్కొక్కరే తప్పుకున్నారు, చివరికి ఒకరు మాత్రం వదల్లేదు. పేరు లేదు, నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, రెండు అంకెలు. ఏసీ గదిలో కూర్చుని, పది కార్లుండి పదకొండోదానికి ఆశపడే బొజ్జ మనిషిని ఊహించుకున్నాను. నేను పాడగానే ఆ మనిషి పాడేవాడు. ప్రతిసారీ, నీ చేతులు పడిపోను అంటూ పైకి పాడాను. నా పేర ఉన్న డిపాజిట్టు మొత్తం అందులో పోతుందని తెలుసు, తెలిసే నొక్కాను. చివరికి అవతల చప్పుడు ఆగింది. గెలిచానని ఫోను తెర మీద రంగు కాగితాల ముక్కలు రాలాయి. కొన్నది నేనని తెలిసి మా తమ్ముడు ఫోను చేశాడు. "నీకు యాల అక్కా ఇదంతా" అన్నాడు. బండి తానే తోలుకొచ్చి పుంగనూరులో వదులుతానన్నాడు. నీ చెయ్యి దాని స్టీరింగు మీద పడనివ్వను అని చెప్పి, లారీ మాట్లాడి దాని మీద కారు ఎక్కించి, డ్రైవరు పక్కన నేను కూర్చుని ఊరేగింపుగా వెళ్ళాను.

మేనత్త వసారాలో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. ఎనభై ఆరేళ్ళు ఆమెకు అప్పుడు. లారీ మీద కారును గుర్తుపట్టింది. కళ్ళనీళ్ళు పెట్టుకుని నా చేతులు పట్టుకుంటుందని ఎదురుచూశాను. ఆమె, "ఎవురూ కొనలేదా అమ్మా?" అని అడిగింది. నేనే కొన్నానని, బండి ఇక ఎక్కడికీ పోదని ఆమె చెవి దగ్గర గర్వంగా అరిచి చెప్పాను. ఆమె చేతిలో ఉన్న కాయ పళ్ళెంలో పడేసింది.

"నేనే గదమ్మా వాణ్ణి పిలిపించి అమ్మిపెట్టమని సెప్పింది. ఇన్నేండ్లుగా ఆ పట్ట కింద పీనిగ మాదిరి పడుండాది. ఎవురన్నా తోలతా ఉంటే సూసి పోదామనుకుంటిని."

తర్వాత నెమ్మదిగా మిగతాది చెప్పింది. వేలం జరుగుతుండగా, మా తమ్ముడు బండిని ఒక రోజు ఇక్కడికి తెచ్చిపెడితే, బెంగుళూరు నుంచి ఒక అమ్మాయి చూడటానికి వచ్చిందట. సగం రోజు ఈమె పక్కన కూర్చుని గూళ్ళ కబుర్లు అడిగిందట. ఈమెను పక్కన కూర్చోబెట్టుకుని బస్టాండు దాకా తోలిందట. కారు తనకు దక్కితే పుంగనూరు నుంచి కుప్పం దాకా, మేనత్త చెప్పిన దారిలో ఈమెను తిప్పుకొస్తానని మాట ఇచ్చిందట. వచ్చే డబ్బు ఈమె పేరునే పడేలా ఏర్పాటు చేసి, మా తమ్ముడు అందులో ఒక్క రూపాయి తీసుకోలేదని కూడా అప్పుడే తెలిసింది. పదకొండో కారుకు ఆశపడిన బొజ్జ మనిషి ఆ అమ్మాయి. "ఆ పిల్ల క్లచ్చి బలే తొక్కుతాది" అని మేనత్త కారు వైపు చూస్తూ అంది. మళ్ళీ నావైపు తిరిగి, "పోన్లే, కొంటివి గదా. నువ్వు తోలతావా మరి?" అని అడిగింది. నాకు సైకిలు కూడా రాదు.

మదనపల్లెలో ఇద్దరు డ్రైవర్లను మాట్లాడి పంపాను. స్టీరింగు పక్కన గేరు చూసి ఇద్దరూ తల గోక్కుని వెనక్కి వచ్చారు. ఆ అమ్మాయి నంబరు మా తమ్ముడి దగ్గర ఉంది. ఆ గేరు తెలిసిన చెయ్యి వాడిదే. వాడికి ఫోను చెయ్యడమంటే ఈ ఒక్కసారి నువ్వు నిజమే చెప్పావురా అని ఒప్పుకోవడం. ఈ ఒక్కసారి ఒప్పుకుంటే ఫారెస్టాయన భార్య సంగతి కూడా మాఫీ అయిపోయిందనుకుంటాడని ఒక రోజు ఆగాను. ముందు వాడే చేస్తాడేమో చూద్దామని ఇంకో రోజు ఆగాను. ఎవరైనా దొరికారా అని మేనత్త పక్కింటివాళ్ళ చేత రెండుసార్లు ఫోను చేయించింది. వెతుకుతున్నానని అబద్ధం చెప్పాను. ఇరవై మూడో రోజున చేశాను. నేను ముందే చెప్పలేదా అని వాడు అనలేదు, అంటే బాగుండేది. ఆ అమ్మాయి అప్పటికే మైసూరులో వేరే కారు కొనుక్కుందని చెప్పి, మర్నాడు పొద్దున్నే తనే వచ్చాడు.

అప్పటికి నాలుగు రోజులుగా మేనత్తకు జ్వరం, దగ్గు. మంచం మీద లేచి కూర్చోలేకపోతోంది. చలిగాలి తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. వాకిట్లో మా తమ్ముడు బండి స్టార్టు చేశాడు. చెవులు సరిగ్గా వినపడని మనిషి, ఆ చప్పుడుకు మాత్రం కళ్ళు తెరిచింది. వాడు వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. కిటికీ తెరిచి పెట్టమని సైగ చేసింది, గాలి వస్తుందని నేను తెరవలేదు. "వాడు క్లచ్చి పూర్తిగా వదల్లేదు. సెప్పు వానికి" అంది. బయటికెళ్ళి చెప్పాను. వాడు సరేనని ఇంకో చుట్టు వేశాడు. తొమ్మిది రోజుల తర్వాత ఆమె పోయింది.

మా తమ్ముడి మీద నాకు కోపం తగ్గలేదు. వాడు ఇప్పటికీ ఊళ్ళు తిరుగుతున్నాడు, పెద్దావిడల దగ్గర మజ్జిగ తాగుతున్నాడు, ఇనుముకే పోతుందమ్మా అంటున్నాడు. ఆ ఒక్క కారు విషయంలో వాడు నిజం చెప్పినంత మాత్రాన మిగతావన్నీ మాఫీ అయిపోవు. ఆ పంతంతోనే ఇరవై మూడు రోజులు ఫోను చెయ్యకుండా కూర్చున్నాను, కూర్చున్నవి నా రోజులేనని అనుకున్నాను. అవి ఆమె రోజులు, ఆమెకు మిగిలి ఉన్నవే ఆ కొన్ని.