గొంగడి సంచిలో కెమెరా

1961 జూన్‌లో నన్ను కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ జిల్లా ప్రచార కార్యాలయానికి ఫోటోగ్రాఫర్‌గా పంపారు. ఉద్యోగం తాత్కాలికం. ఆరు నెలలకొకసారి పొడిగిస్తూ వచ్చేవారు. అంతకు ముందు కరీంనగర్‌లో నా పని చీకటి గదిలో ఇతరులు తీసిన ఫిల్ములు కడగడం. ఆదిలాబాద్ అంటే అడవి, మలేరియా అని అందరూ తప్పించుకోవడంతో కెమెరా నా వంతుకు వచ్చింది. మందు నీళ్ళలో వేళ్ళు నానబెట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాణ్ణి కాబట్టి, ఆ ఉత్తర్వు అందిన రోజు నా కాలు నేల మీద నిలవలేదు.

జిల్లా ఫోటోగ్రాఫర్ అంటే ఏదో హోదా అనుకునేరు. మంత్రి గారు వస్తే దండ మెడలో పడే క్షణాన్ని పట్టుకోవాలి. దండ పడిపోయాక వెళితే మళ్ళీ వేయించుకోమని అడగలేం కదా! మిగతా రోజుల్లో ఊళ్ళు తిరిగి కొత్త బడి, కొత్త రోడ్డు, కొత్త బావి ఫోటోలు తీసుకురావాలి. దానికి ఆఫీసు ఇచ్చిన సామాను ఇదీ: రెండు కటకాల కెమెరా ఒకటి, మూడు కాళ్ళ స్టాండు, ఫ్లాష్ గన్ను, ఒక్కసారి వెలిగి ప్రాణం వదిలే బల్బులు, ఫిల్ము చుట్టలు, వెలుతురు తగలకుండా ఫిల్ము సర్దుకునే నల్ల గుడ్డ సంచి. ఆ కెమెరాను ఇప్పటివాటిలా కంటికి ఆనించుకోవడం ఉండదు. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న అద్దంలోకి చూడాలి. దూరం నుంచి చూసేవాళ్ళకు మనం గిన్నెలో పురుగు పడిందేమోనని చూసుకుంటున్నట్టు ఉంటుంది.

వీటన్నిటినీ మోయడానికి ఆఫీసు ఒక టేకు పెట్టె ఇచ్చింది. ఖాళీ పెట్టెను ఎత్తడానికే ఇద్దరు కావాలి. మొదటి ప్రయాణంలోనే దాన్ని బస్సు టాపు మీదికి విసిరారు. నిర్మల్ ఘాట్ దిగేసరికి లోపలి బల్బులన్నీ పొడి అయిపోయాయి. నేను లబోదిబోమంటూ వెళితే మా హెడ్ క్లర్కు తల ఎత్తకుండా, మరో సంచి ఏదైనా మీ ఇష్టం వచ్చింది కొనుక్కోండి, బిల్లు మాత్రం నా బల్ల మీద పెట్టకండి అన్నారు. ఆ విధంగా సంచి ఎంపిక పూర్తిగా నా స్వేచ్ఛకు వదిలేశారు.

సరిగ్గా అప్పుడే పెద్ద పని వచ్చి పడింది. హైదరాబాద్‌లో ఒక ప్రదర్శన. అన్ని జిల్లాలూ తమ కొత్త బావుల ఫోటోలు పంపాలి. మా అధికారి గుంటూరు వైపు మనిషి, మంచివారే, కానీ తనకు కావలసిన ఫోటోను ముందే మనసులో తీసేసుకుని, దాన్ని మన చేత మళ్ళీ తీయించాలని చూసేవారు. నన్ను పిలిచి విషయం తేటతెల్లం చేశారు.

"మనకు కావలసింది బావి కాదయ్యా. బావి పక్కన నవ్వే రైతు. నోరారా నవ్వాలి, పళ్ళు కనపడాలి. అది తెచ్చావా, నీ ఉద్యోగం ఖాయం చేయమని రాస్తాను. తేలేకపోతే ఇంకొకర్ని చూసుకోవాలి, నువ్వు కరీంనగర్ వెళ్ళి ఫిల్ములు కడుక్కోవాలి."

ఫిల్ములు కడగడం అనగానే నా వేళ్ళ నుంచి మళ్ళీ మందు వాసన వచ్చినట్టయింది. ఏమైనా సరే ఆ నవ్వు తేవాలనుకున్నాను.

ముందుగా మంచి సంచి కావాలి. సెలవు మీద కరీంనగర్ వెళ్ళినప్పుడు గడియార స్తంభం దగ్గరి తోలు సామాన్ల దుకాణంలో ఒకటి నచ్చింది. పెద్దది, నల్లటి తోలు, వెడల్పాటి నోరు, ఇత్తడి తాళం. దుకాణం ముసలాయన దాన్ని తుడిచి తుడిచి చూపిస్తూ, "ఫికర్ చెయ్యకు సార్, డాక్టర్ సాబ్‌లందరు గిదే కొంటరు" అన్నాడు. అంతకన్నా గొప్ప సిఫారసు ఏముంటుందని కళ్ళు మూసుకుని కొన్నాను.

ఆ సంచితో బోథ్ వైపు ఒక ఊరికి వెళ్ళాను. పొలిమేరలో ఆడుకుంటున్న పిల్లలు నన్ను చూశారు, సంచిని చూశారు, గోచీలు జారుతున్నా ఆగకుండా ఊళ్ళోకి పరుగెత్తారు. స్వాగతం చెప్పడానికేమో అని మురిసిపోయాను. నేను ఊళ్ళోకి అడుగుపెట్టేసరికి తలుపులన్నీ మూసి ఉన్నాయి. కొత్త బావి దగ్గర ఒక మేక మాత్రం ఉంది, అది కూడా అనుమానంగానే చూసింది. ఒక తలుపు కొట్టగా కొట్టగా లోపలి నుంచి ఒక అవ్వ చెయ్యి బయటపెట్టి, భుజం దాకా చీర తొలగించి, "మాకు మొన్ననే ఏసిన్రు, గీ మచ్చ సూడు, ఇగ పో బిడ్డా" అంది. అప్పుడు వెలిగింది. నేను మశూచి టీకాలాయనను. అలాంటి నల్ల తోలు సంచితో ఆ ఊరికి వచ్చేది ఆయన ఒక్కడే. అమ్మా, నేను ఫోటోలు తీసేవాణ్ణి అని ఎంత మొత్తుకున్నా, టీకాలాయన కూడా మొదట తియ్యగానే మాట్లాడతాడని జవాబు వచ్చింది.

బావినీ మేకనూ తీసుకువచ్చాను. మా అధికారి ఫోటోలను చాలాసేపు చూసి, ఈ ఊళ్ళో జనాభా ఎంత అని అడిగారు. అందులో వెటకారం ఎంతో నాకు తెలుసు.

రెండో సంచి ఖాకీది. మిలిటరీ వాళ్ళ పాత సరుకు అమ్మే చోట దొరికింది. వీపుకు తగిలించుకోవచ్చు, గట్టి కాన్వాసు, ఎన్ని జేబులో చెప్పలేను. టీకాలకూ దానికీ సంబంధం లేదు కదా అని ధైర్యంగా ఇంకో ఊరికి వెళ్ళాను. అక్కడ ఎవరూ పారిపోలేదు. పైగా పటేల్ గారే ఎదురొచ్చి, కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, నేను నోరు తెరవకముందే, "సారూ, మా ఊళ్లె గసొంటియేం లేవు. కావాల్నంటే జర తిరిగి సూసుకో" అన్నారు. గసొంటివంటే ఎసొంటివో నాకు అర్థం కాలేదు. కానీ గడ్డివాము వెనక నుంచి ఇప్పసారా వాసన ముక్కు పగిలేలా వస్తోంది. నన్ను ఆబ్కారీ వాళ్ళ మనిషి అనుకున్నారన్నమాట! ఫోటో అనగానే మగవాళ్ళందరూ బావి చుట్టూ వరుసగా నిలబడ్డారు. చేతులు కట్టుకున్నారు. కొంచెం నవ్వండి అని బతిమాలితే, నవ్వితే ఏ సెక్షను పడుతుందోనన్నట్టు నా సంచి వైపు చూశారు.

ఆ ఫోటో చూసి మా అధికారి ఒకే మాట అడిగారు: "వీళ్ళంతా ఏ కేసులో ముద్దాయిలయ్యా?" ఆ తర్వాత గొంతు తగ్గించి, ప్రదర్శనకు ఇంక ఎక్కువ రోజులు లేవనీ, ఇంకొక్కసారి చూద్దామనీ అన్నారు. ఆయన గొంతు పెంచినప్పుడు నాకు భయం వేసేది కాదు. తగ్గించినప్పుడే వేసేది.

ఇంటికి వచ్చి మా ఆవిడ శాంతమ్మకు ఇదంతా చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వేదో ఆ బావి దగ్గర నవ్వినా బాగుండేదని కోపం కూడా వచ్చింది. మర్నాడు పొద్దున చూస్తే సుల్తానాబాద్ నుంచి తెచ్చుకున్న తన తల్లిగారింటి పాత గొంగడిని కత్తిరించి, లోపల పాత చీరలు మడిచి, బొంత కుట్టినట్టు కుట్టేస్తోంది. "వాన వడితె గొంగడి మీద నీళ్లు నిలువయ్. కింద వడేసినా కెమెరాకు దెబ్బ తాకది. ఊళ్లోళ్లు ఏమనుకుంటరో నాకెర్క లేదు, సామాన్లు మాత్రం పగులయ్" అంది. భుజాన వేసుకుంటే మోకాలి దాకా వేలాడే పెద్ద సంచి అది. సామానంతా పట్టింది, స్టాండు కాళ్ళు మాత్రం పైకి పొడుచుకుని ఉండేవి. అద్దంలో చూసుకుంటే సర్కారు ఉద్యోగి జాడ ఎక్కడా లేదు. మూడోసారి కూడా ఖాళీ చేతులతో వస్తే ఎలాగూ ఆ ఉద్యోగం ఉండదు కాబట్టి, అలాగే బయలుదేరాను.

ఈసారి ఊరు నిర్మల్ దాటి, బస్సు దిగి నడిచి వెళ్ళాలి. కొత్త బావి ఊరి మొదట్లోనే ఉంది. నేను దాని గట్టు మీద సంచి దించి చెమట తుడుచుకుంటున్నానో లేదో, ఒకరొకరుగా జనం వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఎవరూ పారిపోలేదు, ఎవరూ చేతులు కట్టుకోలేదు. నా ఆనందం చెప్పలేను. వెంటనే కెమెరా తీసి, పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి అద్దంలోకి చూశాను. చూసేసరికి అద్దంలో ఒక ముఖం. ఎర్ర రుమాలు చుట్టుకున్న రైతు ఒకాయన నా ఎదురుగా గొంతుక్కూర్చుని, మెడ ఎత్తి, కళ్ళు చికిలించి, నోరు ఇంత పెద్దది చేసి తెరిచాడు. వెనక ఇంకో ఇద్దరు. వాళ్ళూ నోళ్ళు తెరిచే ఉన్నారు. బావి వెనకాల చక్కగా కనిపిస్తోంది. ఎందుకు, ఏమిటి అని ఆలోచించకుండా మీట నొక్కేశాను.

"కనవడ్డదా? కింద, ఎడమ దిక్కు. వారం సంది గుంజుతున్నది" అన్నాడాయన.

ఆయన పేరు మల్లయ్య. చూపించింది తన పుచ్చిన పన్ను. వాళ్ళ దృష్టిలో నేను మందుల వైద్యుణ్ణి. అలాంటి గొంగడి సంచి వేసుకుని, అందులోంచి వేర్లు బయటకు పొడుచుకొస్తుండగా ఊరూరా తిరిగే పసరు వైద్యుడొకాయన వాళ్ళకు ఉన్నాడట. నా స్టాండు కాళ్ళు వేర్లు, నా కెమెరా నోట్లోకి చూసే యంత్రం. వెనక ఇద్దరు తమ వంతు వచ్చినప్పుడు ఆలస్యం కాకూడదని ముందే నోళ్ళు తెరిచి కూర్చున్నారు.

నేను వైద్యుణ్ణి కాను మహాప్రభో అంటే ఎవరు వింటారు? మల్లయ్యకు నిజంగా కోపం వచ్చింది. "గంత పెద్ద సంచి మోసుకొచ్చి మందు లేదంటవా? మేం పైసలియ్యమనుకున్నవా?" అన్నాడు. పక్క ఊరి వాళ్ళకు ఇచ్చి తమకు లేదంటున్నానని ఇంకెవరో అందుకున్నారు. ఇక మాటలతో లాభం లేదని సంచి నోరు పూర్తిగా తెరిచి, ఒక్కొక్క వస్తువూ గట్టు మీద పెట్టడం మొదలుపెట్టాను. స్టాండు తీశాను. నల్ల గుడ్డ సంచి తీశాను. ఫిల్ము చుట్టలు, ఫ్లాష్ గన్ను, బల్బులు తీశాను. చివరికి సంచిని తలకిందులు చేసి దులిపాను. శాంతమ్మ కట్టిచ్చిన జొన్న రొట్టె ఒకటి కింద పడింది.

మల్లయ్య భార్య రాజవ్వ ఆ సామానునూ నన్నూ మార్చి మార్చి చూసింది. "ఓ మనిషీ, ముఖాలు సూసెటందుకు గిన్ని మోసుకొచ్చినవ్, ఒక్క నొప్పి గోలీ తేరాలేదా?" అంది.

అంతే. మొదట ఆడవాళ్ళు, తర్వాత అందరూ ఘొల్లుమన్నారు. మల్లయ్య పన్ను పట్టుకునే నవ్వాడు. నవ్వితే నొప్పి, నొప్పికి ఇంకా నవ్వు. నాక్కూడా ఆగలేదు. నవ్వుతూనే ఆ ఫిల్ము చుట్ట అయిపోయేదాకా ఫోటోలు తీశాను. ఇంత నవ్వు ఏ జిల్లా నుంచీ రాదు, నా ఉద్యోగం ఖాయం అని అక్కడే నిశ్చయించుకున్నాను. రాజవ్వ ఇంట్లో అన్నం తిని, మల్లయ్య చేత పుచ్చిన పన్నులో లవంగం పెట్టించి, పెద్దాసుపత్రికి వెళ్ళమని చెప్పి తిరిగి వచ్చాను.

ఫోటోలు కడిగి అధికారి బల్ల మీద పరిచాను. నవ్వుల ఫోటోలన్నీ పైన పెట్టాను. ఆయన వాటిని ఒక్కొక్కటే చూస్తూ ముఖం చిన్నబుచ్చుకున్నారు.

"ఎవరు పోయారు ఈ ఊళ్ళో?" అన్నారు.

నేను అప్పుడు చూశాను. మన ఊళ్ళల్లో మనిషికి నిజంగా నవ్వు వస్తే నోటికి అడ్డం పెట్టుకుంటాడు. ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకున్నారు, మగవాళ్ళు రుమాలు. కొందరు వంగిపోయారు, కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఒక్క పన్నూ కనిపించడం లేదు. కాగితం మీద అది అచ్చం చావు ఇల్లులా ఉంది. అంతలో ఆయన అడుగున ఉన్న ఫోటో లాగి, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఇదిగో! ఇదయ్యా నవ్వంటే! వెనక వాళ్ళు చూడు, ఎంత ఉత్సాహమో!"

నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సార్, ఆయన నవ్వడం లేదు, పుచ్చిపన్ను చూపిస్తున్నాడు అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. "ఆ సంగతి ఫోటోలో రాసి ఉందా?" అన్నారు. లేదన్నాను. అది హైదరాబాద్ వెళ్ళింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ ఏడాది చివర్లో నా ఉద్యోగం ఖాయమైంది.

ప్రదర్శన అయ్యాక దాన్ని పెద్దది చేయించి ఒక పంచాయతీ సమితి ఆఫీసులో తగిలించారు. ఒక సమావేశం ఫోటో తీయడానికి నేను వెళ్ళిన రోజున మల్లయ్య విత్తనాల కోసం అక్కడికి వచ్చి, ఆ ఫోటో ముందు నిలబడి ఉన్నాడు. కింద రాసింది గుమాస్తా చదివి వినిపించాడు: కొత్త బావి, కొత్త ఆనందం. మల్లయ్య నన్ను గుర్తుపట్టాడు.

"గా పన్ను పీకేసిన్రు సారూ" అన్నాడు. "నీకు గసొంటి ఆనందం మళ్ల గావాల్నంటె ఇంకోటి నొయ్యాలె."

రాజవ్వకు పంపాలని నా సంచిలో ఉంచుకున్న నవ్వుల ఫోటో ఒకటి తీసి ఇచ్చాను. దాన్ని పట్టుకుని ఒక్కొక్కరి మీదా వేలు పెట్టి పేర్లు చెప్పాడు. కొంగుల వెనక ఉన్నవాళ్ళను కూడా పోల్చుకున్నాడు. "సూడు, ఎట్ల నవ్వుతున్నరో" అని, రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాత ఉద్యోగమంతా కెమెరాలు మారాయి, సంచులు మారాయి. ప్రయాణానికి ఎలాంటి సంచి కొనమంటారని కుర్రవాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. పట్టీ వెడల్పుగా ఉండాలి, లోపల మెత్త ఉండాలి, బస్సు టాపు మీద వేయనివ్వకూడదు. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఇంకొకటి ఉంది. కొనేముందు, వెళ్ళే ఊళ్ళకు అలాంటి సంచితో ఇంకెవరు వస్తుంటారో కనుక్కోవాలి. కనుక్కోవడం కుదరకపోతే, నోరు పూర్తిగా తెరుచుకునే సంచి కొని, ఊళ్ళోకి వెళ్ళగానే పదిమంది మధ్య పెట్టి, అడుగుదాకా ఖాళీ చేసి చూపించాలి. ఫోటో ఆ తర్వాత తీయాలి.